మేనల్లుడికి ఏ దేశం మంచిది?

ఇబ్రహీంపట్నం బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వెళ్లి మీరొక ప్రశ్న అడిగితే, జవాబుతో పాటు మీకూ ఒక ప్రశ్న పడుతుంది. కిటికీ వెనక కూర్చునే కంట్రోలర్ ఇస్తారికి లోకంలో ఒకటే దిగులు. కంప్యూటర్ సైన్సు చదివిన తన మేనల్లుడు క్రాంతికుమార్‌ని ఏ దేశం పంపాలి?

"మంచాల బస్సు ఎప్పుడు సార్?"

"పదీ ఇరవైకి. నువ్వేం సదివినవ్ కొడుకా?"

"సీఎస్‌ఈ."

"అట్లనా! మా అక్క కొడుకు గూడ గదే. ఇప్పుడే పూర్తయింది. జర ఒక్క మాట చెప్పు. జర్మనీ మంచిదా, ఐర్లాండు మంచిదా?"

అంతే సంగతులు. పదీ ఇరవై బస్సు పోయేది. తర్వాతి బస్సు కూడా పోయేది. ఆ కుర్రాడు కిటికీ చువ్వలు పట్టుకుని ఇంకా జర్మనీలోనే ఉండేవాడు.

ఇస్తారికి యాభై ఏడేళ్లు. ఇరవై రెండేళ్లు సాగర్ రోడ్డు మీద కండక్టరుగా నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోతే, కూర్చుని చేసే ఈ పని ఇచ్చారు. పాస్‌పోర్టు లేదు. చేతిలో బటన్ల ఫోను. ఆయన చూసిన ప్రపంచం శ్రీశైలం ఘాటు దగ్గర అయిపోతుంది. అయినా ఏ దేశంలో కంప్యూటర్ పిల్లలకు దారి ఉందో, ఏ దారిలో ఎక్కడ గుంత ఉందో బస్సు టైముల్లాగా గడగడా చెప్పేవాడు.

"అమెరికా అంటే ఏంది? లాటరీ. పేరు రావాలె. జపాన్‌ల మనుషులు కావాలె, కాని వాళ్ల భాష రావాలె. కెనడాల చలి సంగతి ఇడ్సిపెట్టు, ఇండ్లు దొరుకుతలేవు. ఆస్ట్రేలియావోడు నీ సర్టిఫికెట్లన్ని ముందుగాల తన తరాజుల ఏసి జోకుతడు."

ఇదంతా పుస్తకాల్లో చదివింది కాదు. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలకు లెక్క లేదు. బస్టాండులో దిగే ప్రతి బ్యాగునూ ఆపి అడిగేవాడు. ఒకడు చెప్పింది నిజమా కాదా అని రెండోవాడి దగ్గర, రెండోవాడిది మూడోవాడి దగ్గర సరిచూసుకునేవాడు.

ఒక్కోసారి మైకు ఆపడం మరిచిపోయేవాడు. "యాచారం, మాల్ పోవు బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నది" అని చెప్పాక, బస్టాండంతా మోగేలా "సింగపూర్ చిన్న దేశం బిడ్డా, గాడ పాయింట్లు లెక్కవెడ్తరు" అని వినిపించేది. ఒకసారి యాచారం పోవలసిన ముసలాయన సంచీ దించి, "సింగపూర్‌ది ఏ నంబరు మీదికొస్తదయ్యా?" అని అడిగాడని కండక్టర్ నగేష్ ఇప్పటికీ బస్సులో చెప్పి నవ్విస్తాడు.

గేటు దగ్గర జామపండ్లు అమ్మే నాగులమ్మకు కూడా విని విని అన్నీ వచ్చేశాయి. పండు కోసి ఉప్పుకారం అద్దుతూ, "ఐర్లాండా కొడుకా? నౌకరీలున్నయట గని కిరాయిలు మండుతున్నయట. పండు ఇంకోటి కొయ్యాల్నా?" అనేది.

ఒక్క నగేష్‌కే చిన్న అనుమానం. "నేనీ డిపోకొచ్చి ఎనిమిదేండ్లాయె. వచ్చిన రోజే అడిగిండు, మా అక్క కొడుకుది ఇప్పుడే పూర్తయింది, ఏ దేశం మంచిదని. ఎనిమిదేండ్ల సంది ఆ పోరడు ఇప్పుడే పూర్తి చేస్తున్నడు!"

"ఏం చేస్తడు, దేశాలెక్కువ" అనేవాడు ఇస్తారి, మైకు మీద దుమ్ము తుడుస్తూ.

స్టెల్లా ఈ కిటికీ జోలికి పోకూడదని గట్టిగా అనుకున్న మనిషి. మంచాల దగ్గర ఊరు వాళ్లది. తల్లి సంతోషమ్మ అంగన్‌వాడీ టీచరు. స్టెల్లా సీఎస్‌ఈ పూర్తి చేసి ఏడాదిన్నర అయింది. ఆమె బ్యాచ్‌కి కాలేజీకి వచ్చిన కంపెనీలు నాలుగు. అందులో రెండు ఫొటోలు దిగి వెళ్లిపోయాయి. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు నెలల కోచింగులో చేరింది. అది అయిపోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో ఉంటే వీధి అడుగుతుంది. ఆదివారం చర్చి బయట చెప్పులేసుకునే లోపల పదిమంది అడుగుతారు, "ఏమమ్మా, నౌకరొచ్చిందా?" అని. అందుకని రోజూ పొద్దున్నే బ్యాగు వేసుకుని, మంచాల బస్సులో ఇబ్రహీంపట్నం దాకా వచ్చి, మూడో నంబరు ప్లాట్‌ఫారం బెంచీ మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సాయంత్రం నాలుగింటి దాకా కూర్చుని, తిరిగి అదే బస్సులో ఇంటికి పోయేది. ఇంతమంది వచ్చిపోయే చోట తననెవరు చూస్తారని ఆమె ధీమా.

ఆరో రోజు మైకు మోగింది.

"మూడో నంబరు బెంచీ మీద కూసున్న పచ్చ చున్నీ బిడ్డ ఎంక్వైరీ కాడికి రావాలె. పచ్చ చున్నీ బిడ్డ. ఇయర్‌ఫోన్లు తీసి వినాలె."

బస్టాండంతా పచ్చ చున్నీ కోసం వెతికింది. స్టెల్లా ఇయర్‌ఫోన్లు పీకేసింది. ఇంట్లో తెలిసిపోయిందా? దొంగలాగా కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

"ఏం సదివినవ్ బిడ్డా?"

"సీఎస్‌ఈ. ఏమైంది సార్?"

"ఏం కాలే. మా అక్క కొడుకు గూడ గదే. పేరు క్రాంతికుమార్. బడంగ్‌పేట్‌ల ఉంటరు. జర్మనీకి పంపాల్నా, వద్దా? నువ్వు చెప్పు."

"గది అడుగుతందుకు మైకుల పిలిచిన్రా?"

"కిటికీల నుంచి పిలిస్తే ఇయర్‌ఫోన్లల్ల వినవడ్తదా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని, "జర్మనీ మంచిదే సార్. ఏడాది పాటు ఉండి నౌకరి ఎతుక్కోనిస్తరట. భాష వస్తే ఇంక మంచిది. ఒకటి రెండు బ్యాక్‌లాగులున్నా, తర్వాత క్లియర్ చేస్తే అంత ఫికర్ లేదట" అంది.

ఇస్తారి ముఖం వెలిగిపోయింది. "రెండే! మావోనికి గూడ రెండే బ్యాక్‌లాగులు. క్లియర్ చేసిండు!"

స్టెల్లా ఉలిక్కిపడింది. అవి సరిగ్గా తనకున్నన్ని.

"రేపటికి జపాన్ సంగతి చూసి చెప్పు బిడ్డా."

"గూగుల్‌ల ఉంటది గద సార్."

"గూగుల్ చెప్తే నాకు సమజ్ కాదు. మనిషి చెప్పాలె. సార్ అనకు, కాక అను."

మర్నాడు వేరే చోట కూర్చుందామనుకుంది. ఇబ్రహీంపట్నంలో రోజంతా కూర్చున్నా ఎవరూ ఏమీ అనని చోటు బస్టాండు తప్ప ఇంకోటి లేదు. పైగా బస్సులో ఊరికే కూర్చోలేక జపాన్ గురించి కొంచెం చూసింది. చూసింది కాబట్టి చెప్పాలనిపించింది.

"కాకా, జపాన్‌ల కాలేజీ అయిన పిల్లలని ఏప్రిల్‌ల తీసుకుంటరు. అందరిని ఒక్కసారే. మనుషులు తక్కువున్నరు వాళ్లకు. కాని భాష నేర్వాలె."

"మావోడు తెలుగే సక్కగ మాట్లాడడు. ఇంటర్వ్యూకు పోతే నోట్లె నుంచి మాట రాదు."

స్టెల్లా నవ్వబోయి ఆగింది. కిందటి నెల ఇంటర్వ్యూలో ఆమె తన పేరు చెప్పి, ఆ తర్వాత నాలుగు నిమిషాలు నీళ్లు తాగింది.

అట్లా మొదలైంది. ఒకరోజు నెదర్లాండ్స్, ఒకరోజు పోలండ్, ఒకరోజు దుబాయ్. ఇస్తారి అడిగే ప్రశ్నలు ఏ వెబ్‌సైటులోనూ దొరకవు. "గాడ కొత్తోన్ని తీసుకుంటరా, ముదిరినోన్నే తీసుకుంటరా? నౌకరి పోతే ఎన్ని దినాలు ఉండనిస్తరు? ఆఫీసుల ఏ భాష మాట్లాడ్తరు, క్యాంటీన్ల ఏ భాష మాట్లాడ్తరు?" వీటి కోసం స్టెల్లా అక్కడ పనిచేసే పాత సీనియర్లను వెతికి మెసేజీలు పెట్టింది. తన గురించి ఒక్కసారీ ఎవరినీ అడగని పిల్ల, క్రాంతికుమార్ కోసం మొహమాటం లేకుండా అడిగింది. "మా కాక మేనల్లుడు ఉన్నడన్నా, పాపం ఏడాదిన్నర సంది ఖాళీగ ఉన్నడు" అని రాస్తే అందరూ జవాబిచ్చేవాళ్లు.

చెప్పిందే ఇస్తారి మళ్లీ మళ్లీ అడుగుతున్నాడని విసిగి, ఒక పేజీ తయారుచేసింది. పైన "క్రాంతికి ఏ దేశం?" అని పేరు. ఏ దేశం నొక్కితే ఆ దేశం సంగతి: కొత్తవాళ్లకు చోటుందా, భాష కావాలా, వీసా ఎట్లా, అక్కడివాళ్లు నిజంగా ఏమంటున్నారు. దేశాన్నీ దేశాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు కూడా పెట్టింది. ఇస్తారి తన బటన్ల ఫోనులో అది రాకపోతే, కిటికీ దగ్గరికి వచ్చిన పిల్లలందరి ఫోన్లలో తెరిపించి చూసేవాడు. అట్లా అది కాలేజీలన్నిటికీ పాకింది. నాగులమ్మ కూడా పండ్లు కొన్నవాళ్లతో, "మా స్టెల్లా పేజీ సూసిన్రా?" అనేది.

ఆ వారమే స్టెల్లాకు వాట్సాప్‌లో ఒక ఆఫరు వచ్చింది. విదేశంలో డేటా ఎంట్రీ. ఇంటర్వ్యూ లేదు, అనుభవం అక్కర్లేదు, విమానం టికెట్ వాళ్లే కొంటారు, పాస్‌పోర్టు ఫొటో పంపితే చాలు. ఏడాదిన్నర తర్వాత ఒకరు ఆమెను కావాలన్నారు. ఆ రోజు బెంచీ మీద కూర్చుని, కంపెనీ పేరు, ఇంటర్వ్యూ, టికెట్ అన్నీ మళ్లీ అడిగి, ఫోనులో ఏజెంటుతో గట్టిగానే మాట్లాడింది. "రేపు పంపుత సార్. అవ్ సార్, ఇంట్ల అడిగేదేం లేదు, నేనే వస్త."

మర్నాడు ఇస్తారి ఆమెను మైకులో పిలవలేదు. తనే కుంటుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, మావోనికి ఆఫరొచ్చింది."

"నిజంగనా!"

"డేటా ఎంట్రీనట. ఇంటర్వ్యూ లేదట. టికెట్ వాళ్లే కొంటరట. మా అక్క మస్తు ఖుషీగున్నది. నాకే జర ఎట్లనో ఉన్నది. నువ్వైతే చూసి చెప్పగలవు."

"నాకు గూడ అసొంటిదే…" అనబోయి స్టెల్లా ఆపుకుంది. "కంపెనీ పేరు చెప్పు కాకా."

కంపెనీ పేరు ఇస్తారి చొక్కా జేబులోంచి తీసిన టికెట్టు ముక్క వెనక రాసి ఉంది. తనకు వచ్చిన కంపెనీయే. ఒకే కంపెనీ ఇద్దరికీ రాసిందంటే మంచిదే కదా అనుకుంది ముందు. కానీ ఇది క్రాంతి కోసం. క్రాంతి కోసమైతే ఆమె ఏదీ ఊరికే నమ్మేది కాదు. వెబ్‌సైటు ఎప్పుడు పుట్టిందో చూసింది, మూడు వారాలైంది. చిరునామా మ్యాపులో పెట్టి చూసింది; మూతపడ్డ హోటలు. ఉద్యోగానికి వీసా లేదు, టూరిస్టు వీసా. పోవడానికే టికెట్, రావడానికి లేదు. ఆ దేశంలో ఉన్న ఒక సీనియర్‌కి మెసేజి పెడితే రెండు నిమిషాల్లో ఫోనే చేశాడు. "ఎవర్ని రానియ్యద్దు. పాస్‌పోర్టు గుంజుకుంటరు. ఫోన్లల్ల మోసాలు చేపిస్తరు. ఇట్ల పోయినోళ్లు వాపసు రానీకి తిప్పలు పడ్తున్నరు."

స్టెల్లా లేచి నిలబడింది. "కాకా, వాన్ని పోనియ్యకు! నీ కాల్మొక్త, పోనియ్యకు. మీ అక్కకు ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి!"

"చేస్త బిడ్డా. పోడు. నువ్వు చెప్పినవ్ గద, ఇంక పోడు."

ఆయన కిటికీ వెనక్కి వెళ్లిపోయాక స్టెల్లా ఏజెంటు పంపిన మెసేజీలు మొదటి నుంచి మళ్లీ చదివింది. తర్వాత ఏజెంటు నంబరు బ్లాక్ చేసింది. నాగులమ్మ ఏమీ అడగకుండా ఒక పండు కోసి ఆమె చేతిలో పెట్టింది.

తర్వాత ఇస్తారికి కొత్త పిచ్చి పట్టింది. "మావోనికి ఇంటర్వ్యూ అంటే భయం. ఎట్ల మాట్లాడాల్నో నువ్వు ఒకసారి చేసి చూపెట్టు. నేను చూసి వానికి చెప్త."

రోజూ పదకొండింటికి ఇంటర్వ్యూ. కిటికీ లోపల ఇస్తారి, బయట స్టెల్లా.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

"మై నేమ్ ఈజ్ స్టెల్లా. ఐ హావ్ కంప్లీటెడ్…"

"కోఠి పోయేది ఏది బాబూ?" అని మధ్యలో ఒకామె తల దూర్చేది.

"ఒకటో నంబరు అమ్మా. నువ్వు ఆగకు బిడ్డా, చెప్పు. నువ్వు చేసిన ప్రాజెక్టు ఏంది?"

"సార్, ఇట్ ఈజ్ ఎ వెబ్ పేజ్…"

"ఈడ బాత్రూం యాడుంది?"

"ఎనకకు. నువ్వు చెప్పు బిడ్డా!"

బాత్రూంలు అడిగేవాళ్లు, చిల్లర అడిగేవాళ్లు, తప్పిపోయిన మేకపిల్ల గురించి మైకులో చెప్పమనేవాళ్లు, అందరి మధ్యా స్టెల్లా తన ప్రాజెక్టు వివరించేది. రెండు వారాలకు ఆమె గొంతు ఎంత పెరిగిందంటే, క్యూలో ఉన్న ఒక పెద్దమనిషి ఇంటర్వ్యూ మొత్తం విని, "పిల్ల మంచిగ చెప్పింది, తీసుకోండ్రి" అని ఇస్తారికి సిఫారసు చేసి వెళ్లాడు.

ఇదంతా ఇట్లా నడుస్తుండగా ఒక గురువారం సాయంత్రం హైమవతి మేడం వచ్చింది. కాకినాడ వైపు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ఇక్కడి కాలేజీలో లెక్కలు చెబుతుంది. నాలుగేళ్లుగా రోజూ ఈ బస్టాండు మీదుగానే పోతోంది. ఆమెను కూడా ఇస్తారి అడగని దేశం లేదు.

"ఇస్తారిగారూ, మంచి కబురండీ! మీ మేనల్లుడు తయారుచేసిన పేజీ మా తమ్ముడు జయకృష్ణకి పంపానండీ. 'క్రాంతికి ఏ దేశం?' అని మీవాడి పేరే ఉంది కదా, మా పిల్లలంతా అదే చూస్తున్నారు. వాడి ఆఫీసు రావిర్యాల దగ్గరేనండీ. జర్మనీ ఫ్యాక్టరీ మెషీన్లకి సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఈ కుర్రాణ్ని సోమవారం తీసుకురా అక్కా, కొత్తవాడైనా పర్లేదు అన్నాడు. ఇవాళ ఐదింటిలోపు వివరాలు పంపాలండీ. ఫోన్ నంబరు ఇవ్వండి."

ఇస్తారి మైకు మీద లేని దుమ్ము తుడిచాడు.

"వాడు… వాడు చేయలే మేడం. చేసింది ఈ బిడ్డ. స్టెల్లా. ఈమెది పంపుండ్రి."

స్టెల్లా ఒక అడుగు ముందుకు వేసింది. వెంటనే అది తప్పనిపించింది. "లేదు మేడం. నేను చేసిన గని క్రాంతి కోసమే చేసిన. వాడు లేకుంటే పేజీ లేదు. నగేషన్న చెప్పిండు, ఎనిమిదేండ్ల సంది ఖాళీగ ఉన్నడట పాపం. వాన్నే పంపుండ్రి. కాకా, నంబరియ్యి."

"వాని ఫోను ఖరాబైంది."

"మరి మీ అక్కది?"

"ఆమె ఊరికి పోయింది. సిగ్నల్ లేదు."

"నేను బడంగ్‌పేట్‌లోనే ఉంటానండీ, ఇంటికెళ్లి చెప్తాను. ఏ కాలనీ?" అంది హైమవతి.

ఇస్తారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అసలు సంగతేందంటే… వానికి నౌకరొచ్చింది. పోయిండు."

"ఏడికి?"

"ఐస్‌లాండుకు."

"పొద్దున్నే గద కాకా, వాడు ఇంకా లేవలే అన్నవ్!" అని స్టెల్లా అరిచింది. "నాకు సమజైంది. నాకు ఇప్పియ్యాలని వాని నౌకరిని ఇడగొడ్తున్నవ్. వాని నోటికాడి కూడు నాకొద్దు. చచ్చినా తీసుకోను."

బ్యాగు తగిలించుకుని వెళ్లిపోబోయింది. గోడ మీద గడియారం నాలుగూ పది చూపిస్తోంది. మంచాల బస్సు ఇంజను ఆన్ చేసింది. ఇస్తారి కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు. చేయి తగిలి మైకు ఆన్ అయింది. ఎవరూ చూసుకోలేదు.

"ఆగు బిడ్డా! లేడు! క్రాంతి లేడు!"

"ఐస్‌లాండుకు పోయిండా?"

"ఏడికి పోలే. పుట్టలే!"

బస్టాండంతా కిటికీ వైపు తిరిగింది. జామపండ్ల తట్ట దగ్గరి నుంచి నాగులమ్మ తీరిగ్గా అందుకుంది. "ఈయనది మా ఊరే తల్లీ. ఐదుగురు అన్నదమ్ములు. అక్కనే లేదు, అక్క కొడుకు ఏడికెళ్లి వస్తడు? ఎవలన్న అడిగితే చెప్దామనుకున్న. ఇన్నేండ్లల్ల ఒక్కరు గూడ అడగలే."

బస్సు ఫుట్‌బోర్డు మీద నగేష్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ఎనిమిదేండ్లు! ఎనిమిదేండ్లు నేను పుట్టని పోరని కోసం ఫికర్ పడ్డనా!"

స్టెల్లా కిటికీ చువ్వలు పట్టుకుంది. కోపంతో మొదలుపెట్టింది. "మరి ఆ రెండు బ్యాక్‌లాగులు?"

"నీయే."

"ఇంటర్వ్యూల నోరు రాకపోవుడు?"

"నీదే. జపాన్ భాష నేర్వాలె అంటుంటే నీ ముఖం చూసిన."

ఆమె గొంతు తగ్గింది. "మరి వానికొచ్చిన ఆఫరు?"

ఇస్తారి చూపు మైకు మీదికి దించుకున్నాడు. "ఫోన్ల మాట్లాడుతుంటే విన్న. పేరు గూడ గప్పుడే రాసుకున్న. నీకు చెప్తే వింటవా? నేనెవన్ని? కోపమొచ్చి ఆ దినమే పోదువు."

స్టెల్లా భుజం మీది బ్యాగు దించి కింద పెట్టింది.

"రోజు చూస్తనే ఉంట బిడ్డా. బ్యాగేసుకొని వస్తరు, ఏ బస్సు ఎక్కరు. పొద్దుగూకేదాంక కూసుంటరు. మొదట్ల నేను గూడ అందరి లెక్కనే అడిగిన, నీ సంగతేంది కొడుకా అని. అడిగిన్నో లేదో లేచి ఎదురుంగ ఏ బస్సుంటే దాంట్లెక్కి పోయెటోళ్లు. ఒక పోరడు దేవరకొండ బస్సెక్కిండు, వాని ఊరు ఆదిబట్ల. గప్పటి సంది వాళ్ల సంగతి అడుగుడు బంద్ చేసిన. మావోని సంగతి అడిగితే కూసుంటరు. చెప్తరు. చెప్తానికి ఎతుకుతరు. ఎతికితే వాళ్లకే ఏదో ఒకటి దొరుకుతది."

హైమవతి మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అయితే నాలుగేళ్లుగా నేను మా బంధువులందరికీ ఫోన్లు చేసి కనుక్కుని చెప్పిన దేశాలన్నీ…"

"వట్టిగ పోలే మేడం. మీరు చెప్పిన పోలండుకు ముగ్గురు పోయిన్రు."

"సరేనండీ, ఆ లెక్క తర్వాత చూసుకుందాం. అమ్మాయ్, నీ పేరు పూర్తిగా చెప్పు. ఐదయ్యేలోపు పంపాలి."

స్టెల్లా చెప్పింది. పూర్తి పేరు, మార్కులు, రెండు బ్యాక్‌లాగులు, అన్నీ. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది కాబట్టి బస్టాండు మొత్తం విన్నది. నగేష్ ఆ పది నిమిషాలూ మంచాల బస్సు కదలనివ్వలేదు. లోపలున్నవాళ్లెవరూ గొడవ చేయలేదు. వాళ్లకూ ఏమవుతుందో తెలియాలి.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లికి కోచింగు సంగతి చెప్పేసింది. సంతోషమ్మ పప్పు కలిపే గరిటె ఆపి, "మూడు నెలల కోచింగు ఐదు నెలలు ఎట్ల నడుస్తదే? నేను అంగన్‌వాడీల పిల్లలకు అంకెలు చెప్తనే గద. నువ్వే చెప్తవని ఊకున్న. తిను" అంది.

సోమవారం రావిర్యాల ఆఫీసులో చల్లటి గది, ముగ్గురు మనుషులు, తలుపు వేసి ఉంది. జయకృష్ణ "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అన్నాడు. స్టెల్లా మొదలుపెట్టింది. ఎవరూ మధ్యలో తల దూర్చలేదు, ఎవరూ బాత్రూం అడగలేదు. ఇంత తేలికా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

"ఇన్ని దేశాలు వెతికారు కదా, మరి ఇక్కడికి ఎందుకు వచ్చారు?" అని చివర్లో అడిగాడు.

"ఏ దేశం చూసినా ముందుగాల రెండు మూడేండ్ల అనుభవం అడుగుతున్నది సార్. కొత్తోళ్లకు ఆ అనుభవం ఇచ్చే దేశం ఏదని ఎతికిన. మా బస్టాండు నుంచి చూస్తే దగ్గరల రావిర్యాలనే కనవడ్డది."

ముగ్గురూ నవ్వారు. శుక్రవారం చేరమని చెప్పారు.

ఇక బస్టాండు సంగతి. క్రాంతికుమార్ లేడన్న వార్త మైకులోనే వెళ్లింది కాబట్టి, మర్నాటికి కాలేజీలన్నిటికీ తెలిసిపోయింది. ఇస్తారి సిగ్గుతో చితికిపోయాడు. అడిగిన దానికే జవాబు. యాచారం ఎప్పుడంటే యాచారం టైము. అంతకుమించి ఒక్క ముక్క లేదు. నాలుగు రోజులు మైకులో బస్సులు తప్ప ఒక్క దేశం పేరు వినపడకపోయేసరికి జనానికి ఏదో వెలితి. "ఒంట్ల మంచిగ లేదా?" అని కిటికీ దగ్గర అడిగి పోతున్నారు.

స్టెల్లా ఉద్యోగంలో చేరిన మూడో రోజు, పొద్దున్న రావిర్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, మూడో నంబరు బెంచీ మీద ఒక కొత్త పిల్ల కనిపించింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది. కిటికీ వెనక ఇస్తారి ఆ పిల్లను చూస్తున్నాడు, మైకు వైపు చూస్తున్నాడు, మళ్లీ తల దించుకుంటున్నాడు. ఇంక ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

ఆ పిల్లే లేచింది. పేరు మనోజ్ఞ అని తర్వాత తెలిసింది. రెండుసార్లు కిటికీ దాకా వచ్చి వెనక్కి పోయి, మూడోసారి చువ్వలు పట్టుకుంది.

"కాకా, మీ మేనల్లుడు లేడట గద?"

ఇస్తారి తల వంచుకున్నాడు. "లేడు బిడ్డా."

"అవ్, నాకు తెలుసు." ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "అయినా అడుగుత. వానికి… నా లెక్కనే మూడు బ్యాక్‌లాగులు ఉన్నయా?"

ఇస్తారి తల ఎత్తాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మూడా బిడ్డా?" అన్నాడు. "సరిగ్గ మూడే! ఒకటి గణితంల, కాదా?"

"రెండు గణితంల."

"గదే, రెండు గణితంల. జర దగ్గరికి రా. నార్వే సంగతి నీకేమన్న తెలుసా?"

రావిర్యాల బస్సు వచ్చి ఆగింది. నగేష్ "ఎక్కమ్మా స్టెల్లా, టైమైంది" అని కేకేశాడు. ఇరవై నిమిషాల్లో ఇంకోటి ఉంది. స్టెల్లా దాన్ని పోనిమ్మని చేయి ఊపి, కిటికీ వైపు నడిచింది.

"నార్వే వద్దు కాకా," అంటూ ఆ పిల్ల పక్కన చోటు చేసుకుంది. "మన క్రాంతికి చలి పడదు."